అల్జీర్స్ ఫోటోకి జ్యూరిక్ రంగులు

మొన్న ఆదివారం మా మేనబావ ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. ఇరుకు మెట్ల వీధి, రెండు పక్కలా సున్నం కొట్టిన గోడలు, పై అంతస్తులు వీధి మీదకి ముందుకొచ్చి దాదాపు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. కింద ఎర్ర టోపీల మగవాళ్ళు, తెల్ల ముసుగు కప్పుకున్న ఒక ఆడమనిషి. "125 ఏళ్ళ క్రితం అల్జీర్స్. ఒరిజినల్ కలర్ ఫోటో. ఆ రోజుల్లో మనుషులు ఎంత ప్రశాంతంగా బతికేవారో చూడండి" అని ఎవరో రాసింది రాసినట్టే ఫార్వర్డ్ చేశాడు. పదకొండు దండాలు, నాలుగు గులాబీలు వచ్చాయి. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "బావా, అది కలర్ ఫోటో కాదు, అచ్చు. ఆ రంగులు వేసినాయన అల్జీర్స్ ఎప్పుడైనా చూశాడో లేదో" అని పెట్టాను. "ఒరేయ్, నీకు అన్నింట్లోనూ ఏదో ఒక పురుగు కనపడుతుంది" అన్నాడు. గ్రూపులో అంతటితో ఆపేశాను. ఇక్కడ ఆపను.

ముందు ఆ ప్రశాంతం సంగతి. ఇప్పటి అల్జీరియా రాజధాని అల్జీర్స్‌ని ఫ్రెంచి సైన్యం పట్టుకున్నది 1830లో. ఆ ఫోటో నాటికి 70 ఏళ్ళ పరాయి పాలన అయింది. 1871లో కబీలియా కొండల్లో పెద్ద తిరుగుబాటు లేస్తే అణిచేసి, లక్షల ఎకరాలు లాక్కుని వలస వచ్చినవాళ్ళకి పంచారు. ఆ వీధిలో నిలబడ్డవాళ్ళు ప్రశాంతంగా ఉన్నారో, కెమెరావాడు కదలొద్దన్నాడని కదలకుండా ఉన్నారో ఫోటో చెప్పదు.

ఇక రంగుల సంగతి. నేను నాలుగేళ్ళు విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేశాను. అక్కడ పట్టుకున్న జబ్బు ఒకటుంది, ఏ బొమ్మ కనపడినా భూతద్దం పెట్టి చుక్కలు చూడటం. మామూలు ఆఫ్‌సెట్ బొమ్మలో నాలుగు రంగుల చుక్కలు వరసగా, ముగ్గేసినట్టు ఉంటాయి. బావ పెట్టిన లాంటి బొమ్మలు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో పెద్ద సైజులో దొరుకుతాయి, ఎవరైనా దించుకోవచ్చు. అల్జీరియావి, ట్యునీషియావి బోలెడున్నాయి. దించుకుని జూమ్ చేస్తే వరస చుక్కలుండవు, ఇసక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. అది అచ్చు తీసిన రాయి గరుకు. వీటిని ఫోటోక్రోమ్ అంటారు. 1880లలో జ్యూరిక్‌లో ఒరెల్ ఫ్యూస్లీ అనే అచ్చు కంపెనీలో పనిచేసే హాన్స్ జాకబ్ ష్మిడ్ కనిపెట్టిన పద్ధతి. చాలా బొమ్మల కింద బంగారు అక్షరాల్లో శీర్షిక, పక్కన పి.జెడ్. అని రెండక్షరాలు ఉంటాయి. ఫోటోక్రోమ్ జ్యూరిక్, తర్వాత ఫోటోగ్లోబ్ జ్యూరిక్, ఆ కంపెనీ గుర్తు అది.

ఎలా చేస్తారంటే, లిథో అచ్చుకి, అంటే రాతి అచ్చుకి, వాడే సున్నపురాయి పలకని నున్నగా చేసి, దాని మీద ఒక రకం తారుని బెంజీన్‌లో కరిగించి పల్చగా పూస్తారు. దాని మీద నెగటివ్ ఆనించి ఎండలో పెడతారు, ఎండాకాలమైతే కొన్ని నిమిషాలు, చలికాలమైతే గంటలు. వెలుతురు తగిలిన చోట తారు గట్టిపడుతుంది, తగలని చోట టర్పెంటైన్‌తో కడిగేస్తే పోతుంది. ఆ రాయిని ఆసిడ్‌తో మలిచి, సిరా పూసి అచ్చు తీస్తారు. ఇది ఒక్క రంగుకి. ఇలా రంగుకో రాయి, తక్కువలో తక్కువ ఆరు, మామూలుగా 10 నుంచి 15 రాళ్ళు. ఒక్కో రాయి మీదా ఏ రంగు ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో పనివాడు చేత్తో దిద్దుతాడు. నెగటివ్ మాత్రం అన్నింటికీ ఒకటే, అదీ నలుపు తెలుపుది. అంటే అందులో రంగు అనేదే లేదు. ఫోటోగ్రాఫర్ "గోడ తెలుపు, టోపీ ఎరుపు" అని రాసిపెట్టుకుని ఉంటే ఆ ప్రకారం వేస్తారు, లేకపోతే పనివాడి బుర్రే దిక్కు. (ఈ తారునే బిట్యుమెన్ ఆఫ్ జుడియా అంటారు, మృతసముద్రం దగ్గర దొరికేదానికి పెట్టిన పేరు. 1820లలో నియెప్స్ అనే ఫ్రెంచాయన తన కిటికీలోంచి తీసిన ఫోటో, ఇప్పటికి మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది, కూడా ఈ తారు మీదే తీశాడు. తూర్పుదేశపు తారుతోనే తూర్పుదేశాల బొమ్మలు అచ్చువేసి అమ్మారన్నమాట.)

"ఊహించి వేస్తే మాత్రం ఏమైంది, ఎరుపు ఎరుపే కదా" అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. 19వ శతాబ్దపు ఫోటో పలకల్లో చాలావాటికి నీలం బాగా కనపడేది, ఎరుపు అసలు కనపడేది కాదు. నీలిరంగు ఆకాశం తెల్లకాగితంలా వచ్చేది. ఎర్ర బట్ట, నల్ల బట్ట ఒకేలా నల్లగా వచ్చేవి. గోధుమరంగు చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి, ఆ మొహాలు కంటికి కనపడేదానికన్నా బాగా నల్లగా వచ్చేవి. అంటే "ఉన్నది ఉన్నట్టు" చూపిస్తుందనుకునే పలకే మొదట ఒక అబద్ధం ఆడింది. దాని మీద జ్యూరిక్ పనివాడు తన ఊహ వేశాడు. దాని మీద మా బావ ప్రశాంతం వేశాడు.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే ఎక్కిన సంగతి కాదు, మా అమ్మమ్మ వల్ల ఎక్కింది. 1950ల చివర్లో తెనాలిలో ఒక స్టూడియోలో మా అమ్మమ్మ, తాతయ్య పెళ్ళయిన కొత్తలో ఫోటో తీయించుకున్నారు. వెనక సీనరీ గుడ్డ మీద ఏదో కోట, సరస్సు, హంస. తెనాలిలో హంసలెక్కడివని ఎవరూ అడగలేదు. స్టూడియో ఆయన ఫోటో కడిగి, రంగులు కూడా అద్ది ఇచ్చాడు, అప్పట్లో అదో ముచ్చట. అమ్మమ్మ చీరకి ఆకుపచ్చ వేశాడు. అమ్మమ్మ చచ్చేదాకా ఆ ఫోటో చూసినప్పుడల్లా ఒకటే మాట, "నా చీర అది కాదురా." ఏ రంగమ్మమ్మా అంటే "అరుణం" అనేది. ఆ ఫిల్ముకీ బహుశా ఎరుపు కనపడేది కాదు, చీర నల్లగా వచ్చి ఉంటుంది, పాపం ఆయన ముదురు ఆకుపచ్చ అనుకుని ఉంటాడు. ఆయన తప్పు కూడా కాదు. కానీ గోడ మీద 60 ఏళ్ళు వేలాడింది ఆయన ఊహే, అమ్మమ్మ మాట కాదు.

తూర్పుదేశాలని యూరప్ తనకి కావలసినట్టు ఊహించుకుని చూపించడాన్ని ఓరియంటలిజం అంటారు. ఆ మాట అనగానే అందరూ కెమెరా వెనక నిలబడ్డ తెల్లవాణ్ణి తిడతారు. తిట్టాల్సిందే. నా గొడవ మాత్రం ఎక్కువగా ఆ తర్వాతి వాళ్ళతో. నెగటివ్‌కీ కొనేవాడి చేతికీ మధ్య ఒక కార్ఖానా ఉంటుంది, అందులో చెక్కేవాడు, దిద్దేవాడు, రంగు వేసేవాడు, కింద పేరు రాసేవాడు ఉంటారు. ఉత్తర ఆఫ్రికా రోజువారీ బతుకు అని యూరప్ ఇళ్ళల్లో ఏది గోడకెక్కిందో, అందులో సగానికి పైగా ఈ కార్ఖానాలోనే పుట్టింది. ఆ పేర్లు మనకి తెలియవు కాబట్టి ఎవరూ తిట్టరు.

మొదటినుంచీ ఇదే వరస. 1839లో పారిస్‌లో డాగెర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని ప్రభుత్వం చేత కొనిపించడానికి శాస్త్రవేత్త అరాగో చట్టసభలో మాట్లాడుతూ ఈజిప్టునే ఉదాహరణగా తీసుకున్నాడు. థీబ్స్, కర్నాక్ గుళ్ళ మీదున్న లక్షలాది బొమ్మలిపిని చేత్తో దించడానికి ఎంతోమంది చిత్రకారులు ఏళ్ళ తరబడి కూర్చోవాలి, ఇదుంటే ఒక్క మనిషి చాలు అన్నాడు. ఫోటో పుట్టగానే చూసింది అటువైపే. అదే ఏడాది నవంబరులో ఒరాస్ వెర్నే అనే చిత్రకారుడు, గూపిల్-ఫెస్కే అనే ఆయన అలెగ్జాండ్రియాలో దిగి, ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా అంతఃపురాన్ని ఫోటో తీశారు. అంతఃపురాన్ని అంటే ఏముంది, బయటి గేటుని. లోపలికి రానిస్తారా? ఆఫ్రికా ఖండంలో తీసిన తొలి ఫోటోల్లో ఒకటి ఒక అంతఃపురపు మూసిన తలుపు. ఈ తలుపుని గుర్తుపెట్టుకోండి.

ఆ డాగెరోటైపులు వెండిపూత రేకులు, ఒక్కోటి ఒకటే కాపీ, అచ్చుకి పనికిరావు. లెరెబూర్ అనే పారిస్ వ్యాపారి ఇలాంటివన్నీ సేకరించి, వాటి మీద గీతలు దించి, రాగి రేకుల మీద చెక్కించి 1840 నుంచి 1844 దాకా వందకి పైగా బొమ్మలు అమ్మాడు. అసలు రేకుల్లో మనుషులు దాదాపు ఉండరు, కెమెరా నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి కాబట్టి నడిచేవాళ్ళు పడరు. ఖాళీ వీధి ఎవడు కొంటాడు? అందుకని చెక్కేవాళ్ళు బొమ్మల్లో మనుషుల్ని, బండ్లని, పడవల్ని చేర్చారు. సూర్యుడే గీసిన చిత్రం అని అమ్మిన సరుకులో ఈ మనుషుల్ని గీసింది మాత్రం పారిస్ కూలీ.

తర్వాత మక్సిమ్ ద్యు కాంప్ అనే ఫ్రెంచి రచయిత వచ్చాడు. 1849లో నవలాకారుడు ఫ్లోబేర్‌తో కలిసి ఈజిప్టు వెళ్ళి, 1852లో 125 ఫోటోలతో పుస్తకం వేశాడు. అవి ఫ్రాన్సులో లీల్ ఊరి పక్కన బ్లాంకార్-ఎవ్రార్ పెట్టిన కార్ఖానాలో కాగితం మీద తీసిన నిజమైన ఫోటో ప్రింట్లు, చెక్కుడు బొమ్మలు కావు. ద్యు కాంప్‌కి మనుషుల మీద పెద్ద ఆసక్తి లేదు, గుళ్ళే కావాలి. గుడి ఎంత ఎత్తో తెలియడానికి తన పడవలో పనిచేసే నూబియా మనిషి హాజీ ఇస్మాయిల్‌ని విగ్రహాల మీదకి ఎక్కించి నిలబెట్టేవాడు. అంటే కొలబద్దగా. కదలకుండా ఉండాలని ఆయనకేం చెప్పాడో ద్యు కాంప్ తనే రాసుకున్నాడు, కొంచెం గొప్పగా కూడా. ఈ ఇత్తడి గొట్టం ఫిరంగి, నువ్వు కదిలితే పేలుతుంది అని. ఆ ప్రింట్లలో ఆయన చాలా చిన్నగా ఉంటాడు, ముందే తెలియకపోతే కంటికి ఆనడు. ఎంతో అందమైన ప్రింట్లు, చల్లటి బూడిదరంగు. కానీ ఫిరంగి సంగతి తెలిశాక నాకు గుడి కనపడటం మానేసింది.

ఇక్కడ గుడ్ల గురించి చెప్పకపోతే నాకు తోచదు. ఈ బ్లాంకార్-ఎవ్రారే 1850లో ఆల్బుమెన్ కాగితం తెచ్చాడు. కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి, పులియబెట్టి, కాగితాన్ని దాని మీద తేలించి ఆరబెడతారు. తర్వాత సిల్వర్ నైట్రేట్ పట్టించి, నెగటివ్ కింద ఎండలో పెడితే బొమ్మ దానంతటదే తేలుతుంది. బంగారు ద్రావణంలో ముంచి రంగు దిద్ది, హైపో అనే రసాయనంలో వేసి బొమ్మ చెరిగిపోకుండా నిలబెడతారు. 1880ల చివర్లో డ్రెస్డెన్‌లో ఒక్క కంపెనీయే రోజుకి 60,000 గుడ్లు కొట్టేదట. పచ్చసొనలు తోళ్ళ పనికి అమ్మేవాళ్ళు. ఆ కంపు ఊహించుకోండి. కైరో, అల్జీర్స్, ట్యునిస్‌ల నుంచి టూరిస్టులు కొనుక్కెళ్ళిన నీళ్ళు మోసేవాడు, పాములవాడు, గాడిదల కుర్రాడు, అందరూ ఈ గుడ్డుసొన మీదే యూరప్ చేరారు. అప్పుడవి ఊదా కలిసిన ముదురు గోధుమ రంగులో, తెల్లటి వెలుగులతో మిలమిలలాడేవి. ఇప్పుడు మనం చూసే పసుపు, ఆ "పాతకాలపు సొగసు", వయసు మీదపడి సొన చెడటం వల్ల వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో సెపియా ఫిల్టరు పెట్టుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పి చూశాను, ఎవరూ సంతోషించలేదు.

మూసిన తలుపు దగ్గరికి వద్దాం. 1856లో మూలాన్ అనే పారిస్ ఫోటోగ్రాఫర్ ఫ్రెంచి యుద్ధ మంత్రిత్వశాఖ అండతో అల్జీరియా వెళ్ళి వందల ఫోటోలు తెచ్చాడు. ఈయన అంతకుముందు 1851లో అశ్లీల చిత్రాలమ్మినందుకు పారిస్‌లో జైలుకెళ్ళిన మనిషి. పారిస్‌లో నేరం, అల్జీర్స్‌లో దేశసేవ. 1900 ప్రాంతాల్లో పోస్టుకార్డుల పిచ్చి మొదలయ్యేసరికి ఆ తలుపు పూర్తిగా తెరిచేశారు, కాకపోతే స్టూడియోలో. గుడ్డ సీనరీ, ఒక తివాచీ, ఒక హుక్కా, ఇనప కిటికీ చట్రం. ఇంటి ఆడవాళ్ళు రారు కాబట్టి డబ్బు అవసరమున్న పేద స్త్రీలని తెచ్చి కూర్చోబెట్టి, "అంతఃపురంలో మూరిష్ స్త్రీ" అని కింద అచ్చువేశారు. మూరిష్ అంటే వాళ్ళ లెక్కలో ఉత్తర ఆఫ్రికా ముస్లిం. చాలా కార్డుల పైన "సీన్ ఎ టిప్" అని ఉంటుంది. దృశ్యాలు, రకాలు అని అర్థం. బియ్యంలో రకాలు, మిరపలో రకాలు చూశాం. ఇవి మనుషుల్లో రకాలు.

ఒరాన్‌లో పుట్టిన అల్జీరియా కవి మాలెక్ అల్లూలా 1981లో ఈ కార్డుల మీద ఒక పుస్తకం తెచ్చాడు. అందులో అన్నిటికన్నా నాకు మనసులో నాటుకున్నది చాలా చిన్న విషయం. ఒకే అమ్మాయి, అవే బట్టలు, అవే నగలు, మూడు కార్డులు. ఒకదాని కింద ఆమె బెదూయిన్ (ఎడారి సంచారజాతి) పిల్ల, ఇంకోదాని కింద దక్షిణాది పిల్ల, మరోదాని కింద కబీలియా పిల్ల. కెమెరా ఆమెని ఒకసారే చూసింది. ఆమెకి మూడు జాతులు అంటగట్టింది కంపోజిటర్, సీసం అక్షరాలతో. ఈ కార్డులన్నీ కలిపి ఒక పెద్ద పోస్టుకార్డనుకుని, దాన్ని పంపినవాళ్ళకే తిప్పి పంపుతున్నానన్నాడు అల్లూలా. తిప్పి పంపడానికైనా మళ్ళీ అచ్చువేయక తప్పలేదు కదా అన్నది నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న. ఈ పోస్టులో నేను ఒక్క బొమ్మా పెట్టకపోవడానికి కారణం అదే, బద్ధకం కాదు.

అన్నీ నాసిరకం బొమ్మలైతే ఇంత గొడవ లేదు. లెనర్ట్, లాండ్రోక్ అని ఇద్దరు, ఒకడు ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియావాడు, ఒకడు జర్మనీలోని సాక్సనీవాడు, 1904లో ట్యునిస్‌లో వ్యాపారం పెట్టారు. ఫోటోలు లెనర్ట్‌వి, లెక్కలు లాండ్రోక్‌వి. మొదటి ప్రపంచయుద్ధం వాళ్ళ వ్యాపారాన్ని తుడిచిపెట్టేసింది, తర్వాత 1924లో కైరోలో మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళ బొమ్మల్లో చాలావాటిని ఫోటోగ్రావ్యూర్‌లో వేసేవాళ్ళు. రాగి రేకు మీద గుగ్గిలం పొడి సన్నగా రాలనిచ్చి, వేడిచేసి అతికించి, వెలుతురు తగిలిన జెలటిన్ పొరని దాని మీద వేసి, ఫెర్రిక్ క్లోరైడ్‌తో తినిపిస్తారు. నీడ ఎంత చిక్కనైతే గుంట అంత లోతు, సిరా అంత ఎక్కువ. ఈ పద్ధతిని 1879లో వియన్నాలో కారెల్ క్లీచ్ ఒక కొలిక్కి తెచ్చాడు. ఆ నలుపు ఎలా ఉంటుందంటే, నేను ప్రెస్సులో నాలుగేళ్ళు కష్టపడినా ఆఫ్‌సెట్‌లో అలాంటి నలుపు ఒక్కసారీ రాలేదు. మఖమల్లే. ఇసక దిబ్బల మీద ఒంటె నీడ చూస్తే చేత్తో తడమాలనిపిస్తుంది. ఆ మఖమలు వల్లే అర్ధనగ్నంగా నిలబెట్టిన స్త్రీ "కళ" అయిపోయి, డ్రాయింగ్ రూములోకి దర్జాగా వెళ్ళింది. అదే బొమ్మ చవకబారు అచ్చులో వచ్చి ఉంటే పెట్టె అడుగున దాచుకునేవాళ్ళు. అచ్చు బాగుండటం ఇక్కడ నేరానికి సాయం చేసింది. పనితనాన్ని మెచ్చుకునే వృత్తి నాది కాబట్టి ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

మనదాకా కూడా ఇదే గాలి వచ్చింది. 1868 నుంచి 1875 దాకా లండన్‌లో వేసిన భారత ప్రజల ఫోటోల 8 సంపుటాల్లో కులానికో బొమ్మ, కింద వాళ్ళ గుణగణాల మీద ఒక తీర్పు. అయితే ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసమే ఒక జెనానా స్టూడియో పెట్టాడు, దాన్ని ఒక ఇంగ్లీషావిడ నడిపింది. అక్కడా సీనరీలున్నాయి, నగలున్నాయి, కూర్చునే భంగిమలున్నాయి. తేడా ఒక్కటే, ఆ ఫోటోకి డబ్బిచ్చింది ఫోటోలో ఉన్న మనిషి తాలూకు వాళ్ళు. ఎన్ని కాపీలు తీయాలో, ఎవరికివ్వాలో వాళ్ళ చేతిలో ఉంది. అల్జీర్స్ అమ్మాయి బొమ్మ వెనక అతి చవక స్టాంపు అంటించి ఒక సిపాయి మార్సేలో ఉన్న తన స్నేహితుడికి పంపుతుంటే ఆమెకి తెలియను కూడా తెలియదు.

అయితే ఇవన్నీ తగలబెట్టాలా అంటే, అస్సలొద్దు. అల్జీర్స్ పాత బస్తీని, కస్బాని, కింది వైపు ఫ్రెంచివాళ్ళు వచ్చిన కొత్తలోనే కూల్చి మైదానం చేశారు. మిగిలినదాన్ని 1992లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, అయినా ఇళ్ళు కూలుతూనే ఉన్నాయి. ఏ వీధిలో పై అంతస్తు ఎంత ముందుకి ఉండేదో, దాన్ని ఎన్ని దూలాలు మోసేవో చెప్పడానికి ఈ ఫోటోల్ని మించినవి లేవు. నేను జూమ్ చేసి చూసేది మూలల్లోనే. అరిగిన మెట్టు అంచు, గుమ్మం పక్కన వదిలిన చెప్పులు, కదిలినందుకు పొగలా మిగిలిన ఒక పిల్లాడు. ఆ పిల్లాడికి ఫిరంగి అంటే భయం లేదు. అతనికి ఎవరూ రంగు వేయలేదు, వేయడానికి ఆకారమే లేదు.

1960లో అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా మార్క్ గారాంజే అనే ఫ్రెంచి సిపాయికి గుర్తింపు కార్డుల కోసం ఊళ్ళలో ఆడవాళ్ళ ఫోటోలు తీసే పని అప్పగించారు. 10 రోజుల్లో దాదాపు 2,000 మంది. ముసుగు తీయాలని పై అధికారి హుకుం. తెల్ల గోడ ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టారు. సీనరీ లేదు, హుక్కా లేదు, దిద్దేవాడు లేడు, మఖమలు నలుపు లేదు. వాళ్ళ చూపులు ఉన్నవి ఉన్నట్టు పడ్డాయి. ఆ ఫోటోలు ఒకసారి చూసినవాళ్ళెవరూ పోస్టుకార్డు పిల్లల నవ్వుని మళ్ళీ నమ్మరు.

ఇదంతా రాస్తున్నానని బావకి చెప్పాను. మనసులో పెట్టుకోలేదు, పైగా నన్ను మెప్పిద్దామని అమ్మమ్మ ఫోటో నలుపు తెలుపు కాపీ, ఎవరి దగ్గరో అల్మైరాలో ఉన్నది, తీయించి, ఫోన్లో ఏదో యాప్‌తో రంగులేసి నాకు పంపాడు. హంస తెల్లగా, సరస్సు నీలంగా, తాతయ్య కోటు గోధుమరంగులో బ్రహ్మాండంగా వచ్చాయి. చీర మాత్రం ముదురు నీలం. "అరుణం కదరా?" అని పెద్ద పిన్నికి ఫోన్ చేసి అడిగాను. కాదు, అది వంకాయ రంగు, అరుణం చీర అక్క పుట్టాక కొన్నది అంది. అమ్మనడిగితే ఎరుపే, తనకి బాగా గుర్తు అంది. అమ్మ అప్పటికి పుట్టనే లేదు.